క్వాంటం కీ పంపిణీ: రుజువుకూ పరికరానికీ మధ్య

1984 డిసెంబరులో బెంగళూరులో జరిగిన ఒక అంతర్జాతీయ సదస్సులో చార్లెస్ బెనెట్, జిల్ బ్రసార్ ఇద్దరు వ్యక్తులు రహస్య కీ పంచుకునే ఒక పద్ధతిని ప్రతిపాదించారు. దాన్నే నేడు బీబీ84 అంటున్నాం. పంపేవారు ఒక్కో బిట్‌ను ఒక్కో ఫోటాన్ ధ్రువణంలో ఉంచి పంపుతారు. నిలువు-అడ్డం, ఏటవాలు అనే రెండు అమరికల్లో ఏది వాడాలో ప్రతిసారీ యాదృచ్ఛికంగా ఎంచుకుంటారు. అందుకునేవారూ అంతే. ఇద్దరి అమరికలూ కలిసిన చోట వచ్చిన బిట్లనే కీ కోసం ఉంచుకుంటారు. మధ్యలో ఎవరైనా ప్రతి ఫోటాన్‌నూ కొలిచి మళ్ళీ పంపితే ఆ బిట్లలో సగటున 25 శాతం తప్పులు పడతాయి. కొన్ని బిట్లను బయటపెట్టి పోల్చుకుంటే దొంగ జాడ తెలిసిపోతుంది.

ఈ భద్రత ప్రకృతి నియమాలపైనే నిలుస్తుందని తరచూ వింటాం. అది సగం నిజమే. పరికరాల మీద పెట్టుకున్న నమ్మకాలపైనా అది నిలుస్తుంది. ఆ నమ్మకాలను ఒక్కొక్కటిగా వదులుకోగలగడమే ఈ రంగంలో అసలైన పురోగతి అని ఈ వ్యాసం వాదన.

గణితం వైపు పునాది గట్టిదే. 1996లో డొమినిక్ మేయర్స్ రుజువు వచ్చింది. 2000లో పీటర్ షోర్, జాన్ ప్రెస్కిల్ మరింత సులువైన రుజువిచ్చి, తప్పులు సుమారు 11 శాతం దాటనంతవరకు రహస్య కీ రాబట్టవచ్చని చూపారు. భద్రతకు నిర్వచనం మాత్రం ఇంకా బిగియాల్సి వచ్చింది. దొంగ కొలిచి తెలుసుకోగలిగే సమాచారం అత్యల్పమైతే చాలనుకునేవారు. చాలదని 2007లో రాబర్ట్ కోనిగ్, రెనాటో రెనర్ తదితరులు నిరూపించారు: దొంగ తన దగ్గరి క్వాంటం స్థితిని కొలవకుండా దాచుకుని, కీలో కొంత భాగం తెలిశాక కొలిస్తే మిగిలినదీ చిక్కవచ్చు. పైగా, అమరికలను పోల్చుకునే సంభాషణ అవతలివారిదేనని తేల్చుకోవడానికి ఇద్దరి దగ్గరా ముందే ఒక చిన్న ఉమ్మడి రహస్యం ఉండాలి. అంటే ఇది ఉన్న కీని పెంచే పద్ధతి.

ఇక పరికరాలు. 1989 నాటి తొలి ప్రయోగంలో ఫోటాన్లు 30 సెంటీమీటర్ల పైచిలుకు దూరమే ప్రయాణించాయి. ధ్రువణాన్ని మార్చే భాగాలకు విద్యుత్తు అందించే యూనిట్లు ఒక్కో ధ్రువణానికి ఒక్కో రకంగా చప్పుడు చేసేవని బ్రసార్ తరవాత రాశారు. ఫోటాన్ జోలికి పోకుండా, చెవి ఒగ్గి వింటే చాలు, కీ తెలిసిపోతుంది.

2010లో వాదిమ్ మకరోవ్, ఆయన సహచరులు రెండు వాణిజ్య పరికరాలపై చూపిన దాడి ఇంతకంటే లోతైనది. ఒక్క ఫోటాన్‌కే స్పందించే డిటెక్టర్ మీదికి నిరంతరంగా ప్రకాశవంతమైన కాంతి పంపితే దాని వోల్టేజి పడిపోతుంది. అది మామూలు ఫోటోడయోడ్‌గా మారి, ఒక స్థాయి దాటిన కాంతికే స్పందిస్తుంది. దొంగ తాను కొలిచిన ఫలితాన్ని ఆ స్థాయికి కాస్త పైన ఉండే కాంతి పల్స్‌గా పంపుతాడు. అందుకునేవారు దొంగ వాడిన అమరికనే ఎంచుకుంటే కాంతి మొత్తం ఒకే డిటెక్టర్‌పై పడి, అది నమోదవుతుంది. వేరేది ఎంచుకుంటే రెండు డిటెక్టర్లకూ సగం సగం చీలిపోతుంది, ఏదీ పలకదు. అందువల్ల ఆ 25 శాతం తప్పులు రానే రావు. కీ అంతా దొంగ చేతిలో ఉంటుంది. రుజువులో తప్పేమీ లేదు. రుజువు ఊహించిన డిటెక్టర్ అక్కడ లేదు, అంతే.

దీనికి రెండు దారుల్లో జవాబులు వచ్చాయి. ప్రకాశవంతమైన కాంతిని పసిగట్టే ఏర్పాటును పరికరానికి అతికించడం ఒకటి. నా దృష్టిలో ఇది బలహీనమైన దారి, ఎందుకంటే తెలిసిన దాడినే ఆపుతుంది. 2012లో హోయ్-క్వాంగ్ లో బృందం రెండో దారి పట్టింది. ఇద్దరూ ఫోటాన్లు పంపేవారే, కొలిచేది మధ్యనున్న మూడో వ్యక్తి. అతడు దొంగే అయినా కీకి భయం లేదు, కాబట్టి డిటెక్టర్లను నమ్మే అవసరమే పోయింది. 2022లో ఆక్స్‌ఫర్డ్ ప్రయోగం ఇంకా ముందుకు వెళ్ళి, పరికరాల లోపలి పనితీరును నమ్మకుండా, బెల్ అసమానత ఉల్లంఘన (క్వాంటం చిక్కు ఉంటేనే కనిపించే గణాంక సంబంధం) ఆధారంగానే 95,628 బిట్ల కీ తయారుచేసింది. దానికి సుమారు ఎనిమిది గంటలు పట్టింది. అందులో వాడిన రెండు అయాన్ల మధ్య దూరం రెండు మీటర్లే.

దూరం పెరిగేకొద్దీ నమ్మకాలను వదులుకోవడం ఖరీదవుతుంది. సుమారు 2,000 కిలోమీటర్ల బీజింగ్-షాంఘై మార్గంలో నమ్మక తప్పని 32 కేంద్రాలున్నాయి. ప్రతి కేంద్రంలోనూ కీ బయటపడే ఉంటుంది. 2017లో బీజింగ్‌కూ వియన్నాకూ మధ్య కీ అందించిన మీసియస్ ఉపగ్రహానికీ ఆ కీ తెలుసు. 2020లో అదే ఉపగ్రహం చిక్కుపడిన ఫోటాన్ల జంటలను 1,120 కిలోమీటర్ల దూరంలోని రెండు కేంద్రాలకు పంపింది. అప్పుడు ఉపగ్రహాన్ని నమ్మనక్కరలేకపోయింది, కానీ కీ వచ్చిన వేగం సెకనుకు 0.12 బిట్లు. ఆ లెక్కన 256 బిట్ల కీ ఒక్కటి కావాలంటే అరగంట పైనే పడుతుంది.