లాస్ ఏంజెలెస్ మహాకుడ్యం

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, శాన్ ఫెర్నాండో లోయలోని తుహుంగా వరద కాలువ గోడ మీద ఉన్న చిత్రమాల లాస్ ఏంజెలెస్ మహాకుడ్యం. పొడవు 2,754 అడుగులు, ఎత్తు 13 అడుగుల పైచిలుకు. చిత్రకారిణి జూడీ బాకా (జననం 1946) సారథ్యంలో 1976, 1983 మధ్య ఐదు వేసవుల్లో దీన్ని గీశారు. కుంచె పట్టినవాళ్లు నాలుగు వందల మందికి పైనే. వారిలో అత్యధికులు పేదపేటల పిల్లలు.

ఈ కథకు మొదలు ఇంకోచోట ఉంది. 1970లో బాకా నగర పార్కుల శాఖలో పనిచేసేది. బాయిల్ హైట్స్ ప్రాంతంలో ఒకరి వీధిలోకి మరొకరు అడుగుపెట్టలేని నాలుగు ముఠాల నుంచి ఇరవై మంది కుర్రాళ్లను కూడగట్టి, హాలెన్‌బెక్ పార్కులో 'మి అబ్యుయెలీతా' గీయించింది. ఆ స్పానిష్ మాటకు మా అమ్మమ్మ అని అర్థం. రెండు చేతులూ చాచి పిలుస్తున్న ముసలమ్మ బొమ్మ అది. శత్రువులైన పిల్లలందరూ ఇంట్లో ఎరిగిన ముఖాన్నే బాకా ఎంచుకుంది. తర్వాత చేసిన పెద్ద పనికంతటికీ ఆ ఎంపికే పునాది అనిపిస్తుంది.

ఇక మహాకుడ్యం ఉన్న గోడ సంగతి. 1938 నాటి భారీ వరదల తర్వాత లాస్ ఏంజెలెస్ నదికీ, దాని ఉపనదులకూ కాంక్రీటు గోడలు కట్టారు. ఏరు కాలువైపోయింది. 1974లో సైనిక ఇంజనీర్ల విభాగం తుహుంగా కాలువ పరిసరాలను అందంగా తీర్చిదిద్దదలచి బాకాను సంప్రదించింది. ఆమెకు ఆ కాంక్రీటు నేల ఒంటి మీది గాయపు మచ్చలా కనిపించింది; దాని మీద పచ్చబొట్టు పొడిచినట్టు నగర చరిత్రను గీయాలనుకుంది. 1976లో డోనా డైచ్, క్రిస్టినా ష్లెసింజర్‌లతో కలిసి 'స్పార్క్' అనే కళాసంస్థను స్థాపించింది.

ఆ సంస్థ చేపట్టిన గోడ పనిలో, తొలి వేసవిలో ఎనభై మంది పిల్లలు వెయ్యి అడుగులు పూర్తిచేశారు. చాలామంది బాలనేరస్థుల కోర్టుల ద్వారా వచ్చినవాళ్లే. పనికి కూలి ఇచ్చారు. ఆ నగరంలో వానలు శీతాకాలంలో పడతాయి, అప్పుడు కాలువలో నీరు పారుతుంది. అందుకే పనంతా వేసవి ఎండలోనే. గీయడానికి ముందు చరిత్రకారులు పాఠాలు చెప్పేవారు, ఆ రోజులు చూసిన పెద్దలు తమ అనుభవాలు చెప్పేవారు. విన్నదాన్ని ముందు కాగితం మీద నమూనాగా వేసి, గళ్ల సాయంతో గోడకెక్కించేవారు.

మొదటి భాగంలో పిల్లలకు దారిచూపిన ఒక్కో చిత్రకారుడిది ఒక్కో ఫలకం, ఒక్కో ధోరణి. 1977లో బాకా మెక్సికోలో, కుడ్యచిత్ర దిగ్గజం సికెయిరోస్ నెలకొల్పిన చిత్రశాలలో శిక్షణ పొంది వచ్చింది. ఆ తర్వాతి భాగాల్లో దృశ్యాలు ఒకదానిలోంచి ఒకటి పుట్టి ఏరులా సాగుతాయి. నడుస్తూ చూసేవారికి ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

చరిత్ర పూర్వకాలపు జంతువులతో, ఆదివాసులతో మొదలై 1950ల దాకా కథ నడుస్తుంది. రైలుమార్గాలు వేసిన చైనా కూలీలు, 1930ల మాంద్యంలో రైళ్లెక్కించి పంపేసిన మెక్సికన్ కుటుంబాలు, రెండో ప్రపంచయుద్ధంలో శిబిరాల్లో నిర్బంధించిన జపనీస్ అమెరికన్లు, బేస్‌బాల్ స్టేడియం కోసం ఇళ్లు పోగొట్టుకున్న చావెజ్ రవీన్ వాసులు ఇందులో ఉన్నారు. బడి పుస్తకాలు అప్పట్లో ఈ మనుషులను దాదాపుగా పట్టించుకోలేదు. తమ తాతముత్తాతలకు జరిగింది ఏమిటో ఎందరో పిల్లలు ఈ గోడ దగ్గరే నేర్చుకున్నారు, నేర్చుకున్నదాన్ని తమ చేత్తోనే గీశారు. ఈ చిత్రానికున్న అసలు విలువ అదే.

ఎండకూ నీటికీ వెలిసిన రంగులను 2011లో పునరుద్ధరించారు. 2017లో ఇది అమెరికా జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేరింది. 2021లో మెలన్ ఫౌండేషన్ ఇచ్చిన 50 లక్షల డాలర్లతో 1960ల నుంచి సాగే చరిత్రను జోడించే పని మొదలైంది. 2023–24లో బాకా బృందం కొత్త దృశ్యాల్లో కొన్నింటిని లాస్ ఏంజెలెస్ కౌంటీ కళా మ్యూజియంలో, సందర్శకుల కళ్లెదుటే గీసింది. ఈసారి రంగులు వేసేది గుడ్డ మీద. తర్వాత దాన్ని గోడకు అతికిస్తారు.