మందు వల్ల కుదురు తప్పినప్పుడు

మనోవ్యాధికి మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే రోగి కాలుగాలిన పిల్లివలె ఇల్లంతా తిరగడం కొన్ని కుటుంబాలకు అనుభవమే. భోజనానికి కూర్చున్న మనిషి నాలుగు ముద్దలు తినకుండానే లేస్తాడు. అరుగు మీద కూర్చోబెడితే కాళ్లు ఆడిస్తాడు, క్షణంలో లేచి వీధిలోకి పోతాడు, మరల వస్తాడు. ఇంటివారు జబ్బు ముదిరిందని భయపడతారు. గాలి ఇంకా వదలలేదని ఇరుగుపొరుగువారు అంటారు. చాలా సందర్భాలలో ఈ రెండూ నిజం కావు. ఆ కుదురులేనితనం మందు వల్ల కలిగినది. దానికి వైద్యశాస్త్రంలో అకతీసియా అని పేరు.

ఈ పేరును 1901లో చెక్ దేశపు నాడీ వైద్యుడు లాడిస్లావ్ హష్కోవెత్స్ పెట్టారు. కూర్చోలేకపోవడం అని గ్రీకు మూలార్థం. ఆనాటికి నేటి మందులేవీ లేవు. 1952లో ఫ్రాన్సులో క్లోర్‌ప్రొమజైన్ మనోవ్యాధుల చికిత్సలోకి వచ్చింది. 1958లో బెల్జియంలో హాలోపెరిడాల్ తయారయింది. అటుపిమ్మట ఈ పేరు ప్రధానంగా మందుల దుష్ఫలితానికే స్థిరపడిపోయింది. భ్రమలను, లేని మాటలు చెవిన పడడాన్ని తగ్గించడానికి ఈ మందులు మెదడులో డోపమైన్ అనే రసాయనం పనిని అడ్డగిస్తాయి. శరీర కదలికలను అదుపులో ఉంచడానికి కూడా ఆ రసాయనమే అవసరం. ఈ బాధకు ముఖ్య కారణం అక్కడే ఉన్నదని వైద్యులు భావిస్తున్నారు.

హాలోపెరిడాల్, ట్రైఫ్లుఓపెరజైన్, రెండు మూడు వారాలకు ఒకసారి వేసే ఫ్లూఫెనజైన్ ఇంజెక్షను, వీటితో ఈ బాధ ఎక్కువ. రిస్పెరిడోన్‌తోనూ కలుగుతుంది. తేలిక మందు అని పేరుపడిన అరిపిప్రజోల్ కూడా దీనికి మినహాయింపు కాదు. క్వెటియాపిన్, క్లోజాపిన్‌లతో తక్కువ. మరొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. వాంతులకు వేసే మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షను, కళ్లు తిరగడానికి ఇచ్చే ప్రోక్లోర్‌పెరజైన్ బిళ్లలు కూడా ఇదే బాధను తెస్తాయి. మనోవ్యాధి ఎన్నడూ లేనివారు సైతం వాంతుల ఇంజెక్షను తరువాత మంచం మీద ఉండలేక లేచి పరుగెత్తబోవడం ఉన్నది.

జబ్బా, మందా?

ఈ తేడాను గుర్తించడంలోనే అంతా ఉన్నది. జబ్బు ముదిరిందని వైద్యునికి చెబితే మందు పెంచవచ్చు. మందు పెరిగితే కుదురు మరింత తప్పుతుంది. అది చూసి ఇంటివారు మరల పరుగెత్తుతారు. ఈ చక్రంలో పడి నలిగిపోయేది రోగియే.

మొదట కాలాన్ని చూడవలెను. కొత్త మందు మొదలుపెట్టిన లేక మోతాదు పెంచిన పిదప కొద్ది రోజుల నుండి ఆరు వారాల లోపల మొదలయితే మందును అనుమానించాలి. మందు హఠాత్తుగా మానినా, తగ్గించినా కూడా రావచ్చు. కొందరిలో ఎన్నో నెలలు వాడిన తరువాత బయటపడుతుంది.

తరువాత కాళ్లను చూడవలెను. వైద్యులు 1989 నుండి ఉపయోగిస్తున్న బార్న్స్ పరీక్ష విధానంలో రోగిని కూర్చోబెట్టి కనీసం రెండు నిమిషాలు, నిలబెట్టి రెండు నిమిషాలు గమనిస్తారు. మాటలలో పెట్టి ఇంటివద్దనే ఆ మాత్రం చూడవచ్చు. కూర్చున్నప్పుడు పాదాలు నేలకు రాయడం, కాళ్లు ఊపడం, నిలబడినప్పుడు బరువును ఈ కాలి మీద నుండి ఆ కాలి మీదకు మార్చుతుండడం దీని గుర్తులు. నడిస్తే కాసేపు ఉపశమనం.

అన్నిటికంటె ముఖ్యం, రోగిని అడగడం. "నడవాలని నీకే ఉందా, నడవకపోతే ఉండలేకపోతున్నావా?" అని అడిగి చూడండి. "కూర్చోవాలనే ఉంది, ఒళ్లు ఒప్పడం లేదు", "కాళ్లలో చీమలు పాకుతున్నట్లుంది" అనే సమాధానం వస్తే అది చాలా విలువైన ఆధారం. జబ్బు వలని ఆందోళనలో మనిషి తన భ్రమలను గూర్చి, శత్రువులను గూర్చి మాట్లాడతాడు. ఇక్కడ తన శరీరాన్ని గూర్చి మొర పెట్టుకుంటాడు. రెండూ కలిసి ఉండడమూ కద్దు.

స్త్రీల విషయంలో ఈ బాధ మరింత మరుగున పడుతుంది. పొయ్యి దగ్గర నిలబడలేని కోడలిని పని తప్పించుకుంటున్నదని అత్తవారింట అనుకోవడం విచారకరం. ఆమెను కూడా అదే ప్రశ్న అడగాలి.

పరభాష వైద్యుని ఎదుట

మన సరిహద్దు గ్రామాలవారికి ఇంకొక చిక్కు ఉన్నది. ఇంట్లో తెలుగు, ఆస్పత్రిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో. 'పిచ్చిగా తిరుగుతున్నాడు' అని ఎవరో అనువదిస్తే వైద్యునికి తప్పు అర్థం చేరుతుంది. చెప్పవలసిన మాట ఒక్కటే: ఒకచోట కూర్చోలేకపోతున్నాడు. కన్నడంలో 'ఒందు కడె కూరలు ఆగుత్తిల్ల' అనండి, చడపడికె అన్నా వారికి తెలుస్తుంది. తమిళంలో 'ఒరే ఇడత్తుల ఉక్కార ముడియల'. ఒడియాలో 'గోటిఏ జాగారే బసి పారుని'. మరాఠీలో 'ఎకా జాగీ బసవత్ నాహీ'. యానాం వారికి ఈ ఇబ్బంది లేదు.

ఏ మందు ఏ తేదీన మొదలయింది, ఎప్పుడు పెంచారు, కుదురు ఎప్పటినుండి తప్పింది, ఈ మూడూ కాగితం మీద రాసుకుని వెళ్లడం మేలు. ఒక రాష్ట్రంలో చూపించుకుని మరొక రాష్ట్రంలో ఇంజెక్షను వేయించుకునే వారు రెండు చోట్ల చీటీలూ వెంట తీసుకుపోవాలి. ఆ ఇంజెక్షను ప్రభావం వారాల తరబడి ఉంటుంది. ఒకసారి ఒంట్లోకి పోయిన మందును వెనుకకు తీయలేరు. కనుక తరువాతి ఇంజెక్షను వేయకముందే బాధను తెలియజేయాలి.

వైద్యుడు సాధారణంగా మోతాదు తగ్గిస్తారు, లేక ఈ బాధ తక్కువగా ఉండే మందుకు మారుస్తారు. ప్రొప్రనొలాల్ అనే గుండె మందును చిన్న మోతాదులో ఇవ్వడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. ఉబ్బసం, నాడి నెమ్మదిగా కొట్టుకోవడం, మధుమేహం ఉన్నవారు ముందే చెప్పాలి. మిర్టజపిన్, కొద్దికాలానికి క్లొనజెపామ్ కూడా వాడతారు. మెడ వంకరపోయినప్పుడు, చేతులు వణికినప్పుడు ఉపకరించే ట్రైహెక్సీఫెనిడిల్ బిళ్ల దీనికి అంతగా పనిచేయదు. ఆ బిళ్ల వాడుతున్నా కుదురు రాలేదంటే రోగి నటిస్తున్నాడని అర్థం కాదు.

ఇంటివారు తమంతట తాము మందు మానిపించరాదు. మానితే అసలు జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉన్నది. పైన చెప్పినట్లు, హఠాత్తుగా మానడం వల్ల కుదురు మరింత తప్పవచ్చు కూడా.

వైద్యుని వద్దకు చేరేలోగా

నడవనివ్వండి. బలవంతంగా కూర్చోబెట్టడం వలన బాధ పెరుగుతుందే గాని తగ్గదు. ఎండలో కాక ఉదయం, సాయంత్రం ఎవరైనా తోడుగా పొలం గట్టు దాకా పోయి రావచ్చు. పెండ్లి పీటల దగ్గర, పూజలో గంటల కొద్దీ కూర్చోమని పట్టుపట్టవద్దు. ఆస్పత్రికి పోయేటప్పుడు బస్సులో నడవా పక్క సీటు ఇప్పించండి, ఆగిన ప్రతిచోటా దింపి నాలుగడుగులు వేయించండి. కాఫీ, టీ తగ్గిస్తే కొంత నెమ్మది. సారా పోయరాదు.

కట్టివేయడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వలదు. కూర్చోలేని బాధలో ఉన్న మనిషి కాళ్లకు గొలుసు వేయడం ఎంత క్రూరమో ఊహించుకోవచ్చు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టి ఉంచిన రోగులు అగ్నిప్రమాదంలో తప్పించుకోలేక 28 మంది మరణించారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో బంధించడాన్ని పూర్తిగా నిషేధించింది.

ఈ బాధ భరించలేక ప్రాణం తీసుకోవాలనే తలంపు కొందరికి కలుగుతుంది. 'ఇలా ఉండేకంటె చావడం మేలు' అనే మాట వినిపిస్తే తేలికగా తీసుకోకండి. పురుగుమందు డబ్బాలు, తాళ్లు అందకుండా దాచి, మనిషిని ఒంటరిగా వదలక, అదే రోజు ఆస్పత్రికి చేర్చండి. తీవ్రమైన జ్వరం, ఒళ్లంతా కొయ్యబారడం, తెలివి తప్పడం కలిసి వస్తే అది వేరొక ప్రాణాపాయ స్థితి. అప్పుడు ఒక్క గంట కూడా ఆలస్యం కూడదు.

గ్రామాలకు మానసిక వైద్యం చేర్చే జిల్లా కార్యక్రమానికి నమూనా 1980లలో బెంగళూరు నిమ్హాన్స్ సంస్థ మన బళ్లారిలోనే రూపొందించింది. 1996లో దానిని దేశంలోని ఇతర జిల్లాలకు విస్తరించడం మొదలయింది. కనుక ముందుగా మీ జిల్లా ఆస్పత్రిలోని మానసిక విభాగంలో విచారించండి. రాత్రివేళ సలహా కావలసివస్తే 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఫోను చేసేటప్పుడు మందుల చీటీ చేతిలో ఉంచుకోండి.