జాగా ఎవరిది? - లినక్స్ లో గ్రాఫిక్స్ మెమరీ పంచాయితీ

మా అల్మాస్‌గూడలో ప్లాటు కొనేవాళ్ళు ధర కన్నా ముందు అడిగే మాట ఒకటుంది: "డాక్యుమెంట్లు క్లియరేనా?" అని. జాగా కళ్ళ ముందే ఉంటుంది, హద్దు రాళ్ళు పాతి ఉంటాయి. అయినా అది ఎవరిది, ఇంకెవరికైనా రాసిచ్చారా, తాకట్టులో ఉందా అన్నది కాగితమే చెప్పాలి. లినక్స్ కెర్నెల్లో గ్రాఫిక్స్ మెమరీ కథ కూడా అచ్చం ఇలాంటిదే. మెమరీ ఎంతుందన్న లెక్క తేలికే. అది ఎవరిది, ఎవరెవరు వాడుతున్నారు, ఎప్పుడు ఖాళీ చేయించొచ్చు.. ఇదీ ఇరవయ్యేళ్ళకు పైగా నడిచిన పంచాయితీ.

మనలో చాలామందిమి జావా, డాట్‌నెట్ బాపతు. "న్యూ" అని కొట్టేస్తాం, ఊడ్చే పని గార్బేజ్ కలెక్టర్ చూసుకుంటుంది. గ్రాఫిక్స్ డ్రైవర్ రాసేవాడికి ఆ సుఖం లేదు. అక్కడ ఒకే బఫర్ ని సీపీయూ, జీపీయూ రెండూ తొక్కుతుంటాయి. సీపీయూ రాసింది దాని క్యాష్ లోనే ఉండిపోతే జీపీయూకి పాత చెత్తే కనిపిస్తుంది. ప్రోగ్రాం "నాకు ఈ బఫర్ వద్దు" అనేసి వెళ్ళిపోతుంది, జీపీయూ మాత్రం ఇంకా అందులో గీస్తూనే ఉంటుంది. ఆ క్షణంలో ఆ పేజీలు ఇంకొకరికి ఇచ్చామా, ఒకే ప్లాటు ఇద్దరికి రిజిస్ట్రేషన్ చేసినట్టే! పైగా కార్డు మీద సొంత మెమరీ, అంటే వీరామ్ ఉంటే, అది నిండినప్పుడు ఎవర్ని బయటికి పంపాలో కూడా ఎవరో ఒకరు తేల్చాలి.

సరే, మొదటికి వెళ్దాం. 2000 మార్చిలో ఎక్స్‌ఫ్రీ86 4.0 వచ్చింది. దాంతోపాటే డీఆర్ఐ అనే ఏర్పాటూ వచ్చింది. ప్రెసిషన్ ఇన్‌సైట్ అనే చిన్న కంపెనీ వాళ్ళ డిజైన్. ప్రోగ్రాములు ఎక్స్ సర్వర్ ని అడగకుండా నేరుగా కార్డుతో మాట్లాడొచ్చు, మధ్యలో కెర్నెల్ వైపు డీఆర్ఎం కాపలా కాస్తుంది. అప్పటి కాపలా అంటే పెద్దగా ఏం లేదు, హార్డ్‌వేర్ మొత్తానికి కలిపి ఒకే తాళం. మెమరీ పంపకం కూడా ఎక్స్ సర్వర్ మొదలయ్యేటప్పుడే అయిపోయేది: తెరకింత, బ్యాక్ బఫర్ కింత, డెప్త్ బఫర్ కింత, మిగిలింది టెక్స్‌చర్లకి. ఆ టెక్స్‌చర్ల వాటాని అన్ని ప్రోగ్రాములూ వంతులేసుకుని వాడుకోవాలి. తాళం చేతికొచ్చిన ప్రతిసారీ "నేను లేనప్పుడు నా చోట్లో ఎవరైనా కూర్చున్నారా?" అని చూసుకోవడం, కూర్చుని ఉంటే తన టెక్స్‌చర్లు మళ్ళీ మొదట్నించీ ఎక్కించుకోవడం. తెర మీద ఒక్క గేమ్ ఆడేవాడికి అది చాలింది లెండి.

చాలకుండా పోయింది 2006లో. కాంపిజ్ వచ్చింది గుర్తుందా? డెస్క్‌టాప్ మొత్తం ఒక డబ్బాలా గిర్రున తిరిగేది. (అప్పటికి నేను ప్రైమరీ స్కూల్లో ఉన్నాను, తర్వాత వీడియోల్లో చూసి నోరు తెరిచిన బాపతు :) ) ఇక్కడే అసలు బండారం బయటపడింది. మామూలు విండోలు డబ్బాతో పాటు బుద్ధిగా తిరిగేవి, ఓపెన్‌జీఎల్ తో నేరుగా గీసే ప్రోగ్రాం మాత్రం తెరకి జిగురేసి అతికించినట్టు అక్కడే ఉండిపోయేది. ఎందుకంటే ప్రతి విండోకీ సొంత బఫర్ అన్నదే లేదు, తెరంతటికీ కలిపి ఒక్కటే బ్యాక్ బఫర్. ఏ విండోకి ఆ విండో బఫర్ పుట్టాలి, పెరగాలి, పోవాలి, ఒక ప్రాసెస్ నుంచి ఇంకో ప్రాసెస్ చేతికి మారాలి. మొదట్లోనే గీసిన లేఅవుట్ తో ఇది అయ్యే పని కాదు. కెర్నెల్ సబ్‌రిజిస్ట్రార్ కుర్చీలో కూర్చోక తప్పలేదు.

మొదట కుర్చీ వేసింది టంగ్‌స్టన్ గ్రాఫిక్స్ కంపెనీకి చెందిన థామస్ హెల్‌స్ట్రోమ్. ఆయన రాసిన టీటీఎం అన్ని రకాల కార్డులకీ సరిపోవాలన్న పట్టుదలతో కట్టింది. వీరామ్ లోంచి మామూలు ర్యామ్ లోకీ, అక్కణ్ణుంచి ఇటూ బఫర్లని తరలించగలదు. జీపీయూ పని అయ్యిందో లేదో చెప్పే ఫెన్సులు ఉన్నాయి, క్యాషింగ్ మార్పులు చూసుకుంటుంది. చిక్కేమిటంటే అన్నీ ఉండటంతో బరువెక్కింది. ఇంటర్‌ఫేస్ చూసి డ్రైవర్లు రాసేవాళ్ళు జడుసుకున్నారు. 2006 నుంచి డీఆర్ఎం వాళ్ళ సొంత చెట్టులో ఉంది గానీ అసలు కెర్నెల్లోకి రాలేదు.

2008 మే లో ఇంటెల్ నుంచి కీత్ ప్యాకార్డ్, ఎరిక్ ఆన్‌హోల్ట్ "మా దారి వేరు" అంటూ జెమ్ ని బయటపెట్టారు. ఇంటెల్ చిప్పులకి అప్పట్లో విడిగా వీరామ్ లేదు, ర్యామ్ లోనే కాపురం. కాబట్టి బఫర్ అంటే కెర్నెల్ దగ్గర ఎప్పట్నుంచో ఉన్న షేర్డ్ మెమరీ ఫైలే అనుకుంటే పోలా, అన్నారు. దాంతో అవసరం లేనప్పుడు స్వాప్ లోకి పంపే విద్య ఉచితంగా వచ్చేసింది. ప్రతి బఫర్ కీ ఒక హ్యాండిల్ ఇస్తారు, అది 32 బిట్ల అంకె. ప్రోగ్రాం తన కమాండ్లతో పాటు "ఈ పనికి ఈ ఈ హ్యాండిళ్ళు కావాలి" అని జాబితా ఇస్తుంది, వాటిని జీపీయూకి కనిపించే చోట పెట్టే బాధ్యత కెర్నెల్ ది. ఈ బఫర్ ఇప్పుడు సీపీయూ ఏలుబడిలో ఉందా, జీపీయూ ఏలుబడిలో ఉందా అని లెక్క రాసుకుని, చేతులు మారినప్పుడే క్యాష్ కడుగుతుంది.

హ్యాండిల్ గురించి చిన్న ముచ్చట. వాళ్ళు మొదట వాడదామనుకున్నది మనకి తెలిసిన ఫైల్ డిస్క్రిప్టర్లే. కానీ ఒక 3డి ప్రోగ్రాం కి బఫర్లు వేలల్లో కావాలి, ప్రాసెస్ కి మామూలుగా దొరికే డిస్క్రిప్టర్లు 1024. అందుకే విడిగా అంకెలు పెట్టుకున్నారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, పనికొస్తుంది.

2008 డిసెంబర్లో వచ్చిన 2.6.28 కెర్నెల్లోకి జెమ్ చేరిపోయింది. ఏళ్ళ తరబడి బయట నిలబడ్డ టీటీఎం ని దాటుకుని ఏడు నెలల్లో! ఇది ఒక్క కంపెనీకి కుట్టిన చొక్కా అని విమర్శలు వచ్చాయి, అందులో నిజం లేకపోలేదు. వీరామ్ ఉన్న రేడియాన్ కార్డులకి అది ఎలా సరిపోతుంది? డేవ్ ఏర్లీ, జెరోమ్ గ్లిస్ లాంటి వాళ్ళు పట్టిన దారి నాకు భలే నచ్చుతుంది. బయటికి జెమ్ మొహం, లోపల టీటీఎం ఇంజను. అలా 2009 సెప్టెంబర్లో 2.6.31 తో టీటీఎం దొడ్డిదారిన ఇంట్లోకొచ్చింది.

ఇంతకీ జెమ్ లో పెద్ద బొక్క ఒకటి ఉంది. బఫర్ ని ఇంకో ప్రాసెస్ కి ఇవ్వాలంటే ఫ్లింక్ అని ఒక గ్లోబల్ నంబర్ పుట్టించాలి. ఆ నంబర్ తెలిస్తే చాలు, ఆ కార్డు తెరవడానికి అనుమతి ఉన్న ఏ ప్రోగ్రామైనా ఆ బఫర్ తెరిచేయొచ్చు. నంబర్లేమో ఒకటి, రెండు, మూడు అని వరసగా వస్తాయి. అంటే మీ బ్రౌజర్ విండోలో ఏముందో పక్క ప్రోగ్రాం అంకెలు ఊహించి చూసేయొచ్చన్నమాట! ఎవరూ పట్టించుకోలేదా అంటే, ఎక్స్ లోకంలో ఎలాగూ అందరూ అందరి విండోలూ చూడగలరు గనక అది విడిగా నేరంలా అనిపించలేదు.

మందు ఫోన్ల వైపు నుంచి వచ్చింది. ఫోన్లో కెమెరా తీసిన ఫ్రేము వీడియో ఎన్‌కోడర్ కి, జీపీయూకి, తెరకి వెళ్ళాలి. ఒక్కొక్కదానికీ ఒక్కో డ్రైవర్, ఒక్కో కంపెనీ. కాపీలు తీస్తూ కూర్చుంటే బ్యాటరీ గోవిందా. 2011లో లినారో తరఫున సుమిత్ సెమ్వాల్ డీఎంఏ-బఫ్ రాశారు. 2012 మార్చిలో 3.3 కెర్నెల్లో చేరింది. బఫర్ ని పంచుకోవాలంటే ఒక ఫైల్ డిస్క్రిప్టర్ తీసి యూనిక్స్ సాకెట్ మీద అవతలి ప్రాసెస్ చేతికిస్తారు. ఊహించి దొంగిలించడానికి నంబరేం లేదు, చేతికిస్తేనే అందుతుంది. చూశారా, 2008లో వద్దనుకున్న డిస్క్రిప్టర్ తిరిగొచ్చింది! ఈసారి పంచుకునే కొద్ది బఫర్లకే గనక 1024 బాధ లేదు. డీఆర్ఐ3, వేలాండ్ రెండూ దీని మీదే నడుస్తాయి. హైటెక్ సిటీ వైపు క్వాల్‌కామ్, ఏఎండీ, ఎన్విడియా ఆఫీసుల్లో డ్రైవర్లు చూసే మిత్రులకి ఇది రోజువారీ అన్నం. మా ఎల్బీ నగర్ మెట్రోలో రీల్స్ చూస్తూ వేలాడే జనానికి మాత్రం దీని పేరైనా తెలీదు.

గొడవ లేకుండా ఏదీ జరగదు గదా. డీఎంఏ-బఫ్ ఫంక్షన్లని జీపీఎల్ డ్రైవర్లకి మాత్రమే అందేలా పెట్టారు. 2012లో ఎన్విడియా ఇంజనీరు ఆ షరతు సడలించమని అడిగితే అలన్ కాక్స్ లాంటి పాతకాపులు కుదరదన్నారు. దెబ్బ తిన్నది ఇంటెల్, ఎన్విడియా రెండు చిప్పులూ ఉన్న ల్యాప్‌టాప్ కొన్నవాళ్ళు. ఎన్విడియా సొంత డ్రైవర్లో ప్రైమ్ రెండర్ ఆఫ్‌లోడ్ రావడానికి 2019 అయింది. వాళ్ళు కెర్నెల్ మాడ్యూళ్ళ సోర్స్ తెరిచింది 2022 మే లో. నన్నడిగితే షరతు పెట్టినవాళ్ళదే న్యాయం, పదేళ్ళు ఆలస్యమైనా సరే. కాకపోతే ఆ పదేళ్ళ బిల్లు కట్టింది మాత్రం వాళ్ళు కాదు.

ఆండ్రాయిడ్ వాళ్ళు అయాన్ అనే సొంత కుంపటి కొన్నాళ్ళు నడిపారు. 2020లో 5.6 కెర్నెల్ కి డీఎంఏ-బఫ్ హీప్స్ వచ్చాక, 2021 ఫిబ్రవరిలో 5.11 నుంచి అయాన్ ని తీసేశారు.

ఇక ఇంటెల్ సంగతి. వీరామ్ అక్కర్లేదని జెమ్ కట్టుకున్న ఇంటెలే చివరికి విడి గ్రాఫిక్స్ కార్డుల వ్యాపారంలోకి దిగింది. కార్డు అన్నాక వీరామ్, వీరామ్ అన్నాక తరలింపులు, ఖాళీ చేయించడాలు. 2021లో ఇంటెల్ ఐ915 డ్రైవర్ తన లోకల్ మెమరీ నిర్వహణని టీటీఎం కి అప్పగించింది. 2024 మార్చిలో 6.8 కెర్నెల్ తో వచ్చిన వాళ్ళ కొత్త ఎక్స్‌ఈ డ్రైవర్ కూడా టీటీఎం మీదే నిలబడింది. టంగ్‌స్టన్ ని 2008 చివర్లో వీఎంవేర్ కొనేసింది, ఆ తర్వాత చాలా ఏళ్ళకి హెల్‌స్ట్రోమ్ ఇంటెల్ లో చేరారు. 2021లో ఐ915 ని టీటీఎం మీదికి మార్చిన ఆ ప్యాచ్ మీద ఉన్న పేరు ఆయనదే.