నాగయ్య ప్రస్థానంలో తాడిపత్రి పాలెంత?

చిత్తూరు వి. నాగయ్య గురించిన పరిచయాలు సాధారణంగా ఒకే వరుసలో నడుస్తాయి. ముందు నాటకాల్లో గాయకుడు, తరువాత గ్రామఫోను కళాకారుడు, ఆపైన సినిమా నటుడు, సంగీత దర్శకుడు, చివరికి నిర్మాత, దర్శకుడు. ఆయనను నిలబెట్టింది వాహినీ సంస్థ గనుక, వాహినీ వెనుక తాడిపత్రి వ్యాపారి ఉన్నారు గనుక, ఈ ప్రస్థానానికి మూలం తాడిపత్రిలో ఉందన్న వాదనకూ చోటుంది. వరుసనూ వాదననూ తేదీల ముందు నిలబెట్టి చూడడమే ఇక్కడి ప్రయత్నం.

1. ముందు ఊరి పేర్ల సంగతి. నాగయ్య 1904 మార్చి 28న గుంటూరు జిల్లా రేపల్లెలో పుట్టారు. చిత్తూరు అన్నది అక్కడి రామవిలాస సభ నాటకాలతో స్థిరపడిన పేరు. రంగస్థల నటుడు బళ్ళారి రాఘవ విషయమూ ఇటువంటిదే. ఆయన 1880 ఆగస్టు 2న పుట్టింది తాడిపత్రిలో. బళ్ళారి ఆయన వకీలు వృత్తికీ నాటకాలకూ నెలవు. కనుక పేరుకు ముందున్న ఊరిని పుట్టుకకు సాక్ష్యంగా తీసుకోవడానికి వీల్లేదు. ఇంకొక మాట: రాఘవకు వచ్చిన పేరు భావప్రధానమైన నటనకు, రాగాలాపనకు కాదు. తాడిపత్రి మనుషులు తరువాత ఒక గాయకుణ్ణి నడిమధ్య నిలిపి సినిమాలు తీయడం ఆ ఊరి నాటక వారసత్వానికి కొనసాగింపు అనుకుంటే, ఈ తేడాకు జవాబు చెప్పవలసి ఉంటుంది.

2. గ్రామఫోను దశను పరిచయకర్తలు ఒక్క వాక్యంలో దాటేస్తారు. అది న్యాయం కాదేమో. ఆనాటి 78 చుట్ల పది అంగుళాల ప్లేటులో ఒక్కో వైపు సుమారు 3 నిమిషాల పాటే పట్టేది. నాటకంలో వన్స్‌మోర్ కొట్టినకొద్దీ పద్యం సాగుతుంది. ఆలాపన ఎంతసేపైనా ఆపమనేవారుండరు. ప్లేటు అలా కాదు. ఎత్తుగడ, చరణం, ముక్తాయింపు అన్నీ ముందే కొలుచుకోవాలి, సూది లోపలి చివరకు చేరేలోగా పాట ముగియాలి. నాగయ్య సినిమా పాటల్లో వినిపించే పొదుపు, మాట స్పష్టత ఇక్కడే అలవడ్డాయని రూఢిగా చెప్పలేం గానీ, ఆ అవకాశాన్ని తోసిపుచ్చడానికీ లేదు. 1930ల సినిమాల్లో నటులు షూటింగులోనే పాడేవారు. వాద్యగాళ్ళు కెమెరా కంటపడకుండా చెట్టు చాటునో తెర వెనకో కూర్చునేవారు. అటువంటి కాలంలో మైకు ముందు పాడిన అనుభవం ఉన్న గొంతుకు గిరాకీ ఉండడం సహజం.

3. ఇక వాహినీ. నాగయ్య మొదటి సినిమా గృహలక్ష్మి (1938). రోహిణీ సంస్థ తీసింది, దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి. కనుక నాగయ్యను తెరకు తెచ్చింది వాహినీ అన్న మాట నిలవదు. అయితే ఆ రోహిణీలో క్యాషియరుగా పనిచేసిన కె.వి. రెడ్డి 1912 జూలై 1న తాడిపత్రి దగ్గరి తెల్లమిట్టలో పుట్టినవారు. కడప జిల్లాకు చెందిన బి.ఎన్. రెడ్డి వాహినీని నెలకొల్పినప్పుడు తాడిపత్రికి చెందిన మూలా నారాయణస్వామి అందులో ప్రధాన భాగస్వామి అయ్యారు, కె.వి. రెడ్డీ అక్కడికి చేరారు. వాన సరిగా పడని ఆ సీమలో పెట్టుబడికి నిలిచే డబ్బు సేద్యం కంటే వ్యాపారంలోనే పోగుపడి ఉంటుందనుకోవడం సబబు. తాడిపత్రి మద్రాసు–బొంబాయి రైలు దారి మీద ఉంది కనుక ఆ డబ్బుకు మద్రాసు దూరం కాదు.

వాహినీ సినిమాల్లో, అంటే వందేమాతరం (1939), సుమంగళి (1940), దేవత (1941)లలో, నాగయ్య నటుడూ సంగీత దర్శకుడూ కూడా. పరిచయాల్లో రెండు మెట్లుగా కనిపించేవి వాహినీలో మాత్రం ఒకే సినిమాతో కలిసి మొదలయ్యాయి. పైగా 1941లోనే ఆయన తమిళంలో ఎం.కె. త్యాగరాజ భాగవతార్‌తో అశోక్ కుమార్‌లో నటించారు. వాహినీ ఆయనకు పుట్టిల్లు కావచ్చు, ఏకైక ఇల్లు మాత్రం కాదు.

4. భక్త పోతన తేదీలో తేడా ఉంది. కొన్ని జాబితాలు 1942 అంటాయి, కొన్ని 1943. విడుదల 1943 జనవరి 7 అన్న లెక్కే ఎక్కువ నమ్మదగినదిగా కనిపిస్తుంది. జపాను దాడి భయంతో 1942 వేసవిలో మద్రాసు చాలామేరకు ఖాళీ అయింది. షూటింగు మధ్యలో ఆగిందన్న కథనం దీనికి సరిపోతుంది. తీసిన ఏడు ఒకటి, చూపిన ఏడు మరొకటి అయివుంటే రెండు జాబితాలూ తమ తమ పరిధిలో సరైనవే. క్యాషియరుకు దర్శకత్వం ఏమిటని సందేహాలు వచ్చాయని, నారాయణస్వామి అండగా నిలిచారని చెబుతారు. తరువాతివారు చెప్పుకున్న కథ గనుక వివరాలను యథాతథంగా తీసుకోనక్కరలేదు. ఫలితం మాత్రం తెరమీద ఉంది: దర్శకుడిగా కె.వి. రెడ్డికి అది తొలి చిత్రం, పోతన పాత్రలో నాగయ్య.

5. నిర్మాణం చివరి మెట్టు అన్న మాటను పడగొట్టేది భాగ్యలక్ష్మి (1943). నాగయ్య స్వంత సంస్థ రేణుకా ఫిలింస్ తీసింది, దర్శకుడు పి. పుల్లయ్య. సంగీతం నాగయ్యది కాదు, భీమవరపు నరసింహారావుది. ఇందులో కమలా కోట్నీస్‌కు ఆర్. బాలసరస్వతీ దేవి పాడిన పాటను తెలుగులో తొలి నేపథ్యగానంగా చెబుతారు. ఈ గౌరవాన్ని తహసీల్దార్ (1944)లో పాడిన ఎం.ఎస్. రామారావుకు ఇచ్చేవారూ ఉన్నారు. ఒకటి స్త్రీ గాత్రం, మరొకటి పురుష గాత్రం అని విడదీస్తే వివాదం చాలావరకు తీరుతుంది. స్వయంగా పాడగలడనే సినిమాలోకి వచ్చిన మనిషి, నిర్మాత కాగానే మరొకరి గొంతును తెరమీది బొమ్మకు అతికించడం విశేషమే. ఇది ఆలోచించి వేసిన అడుగా, అవసరం కొద్దీ జరిగిందా అన్నది తేదీలు చెప్పేది కాదు.

6. స్వర్గసీమ (1945) సంగీతం కూడా ఒక్కరి ఖాతాలో వేయదగింది కాదు. నాగయ్యతో పాటు ఓగిరాల రామచంద్రరావు పేరుంది. భానుమతి పాడిన పావురం పాట వెనుక బాలాంత్రపు రజనీకాంతరావు చేయి ఉందన్న కథనమూ బలమైనదే. త్యాగయ్య (1946)కు వచ్చేసరికి నటన, సంగీతం, నిర్మాణం, దర్శకత్వం నాలుగూ నాగయ్యవే. మరుసటి ఏడాది ఆయన మళ్ళీ వాహినీలో, మళ్ళీ కె.వి. రెడ్డి దర్శకత్వంలో యోగి వేమన అయ్యారు.

ఈ సాక్ష్యాలను బట్టి, నాగయ్యను తాడిపత్రి తయారుచేసిందనడం అతిశయోక్తి. ఆయన గొంతు, నటన, తొలి సినిమా అంతకు ముందే ఉన్నాయి. రేణుకా ఫిలింస్ ఆయన సొంతది. పోతన, వేమన పాత్రలకు మాత్రం తాడిపత్రి సీమ మనుషుల బాధ్యత ఉందనడానికి ఆధారం గట్టిగానే ఉంది: దర్శకుడు ఆ పక్క పల్లెవాడు, సంస్థ భాగస్వామి ఆ ఊరివాడు.