నలభై రెండులో ఒకటి

2024 జూన్ 4 సాయంత్రం నుంచి మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఇద్దరు మాట్లాడుకోవట్లేదు. ఆ ఇద్దరిలో ఒకణ్ణి నేను. ఫలితాలు చూసి "ఈ జనాలకి ఇంక బుద్ధి రాదు" అని రాశా. "నువ్వు ఓటేశావా అసలు?" అని వాడడిగాడు. వెయ్యలేదు. నా ఓటు నంద్యాల దగ్గర మా ఊళ్ళో ఉంది. మే 13కి ముందు హైదరాబాదులో సగం మంది సొంతూళ్ళకి బస్సులెక్కుతుంటే నేను ఇంట్లో పడుకున్నా. ఎవడొచ్చినా ఒకటే అని అప్పటికే తేల్చేసుకున్నా కదా. మరి ఎవడొచ్చినా ఒకటే అనుకున్నవాడికి ఫలితాలు చూసి అంత కోపం ఎందుకొచ్చిందంటే, నా దగ్గర జవాబు లేదు.

ఆ గొడవలో నేనొక గొప్ప కూడా చెప్పుకున్నా. "1977లో ఆంధ్రా మొత్తం ఎమర్జెన్సీకి జై కొడితే మా నంద్యాల ఒక్కటే ఎదురు నిలబడింది, తెలుసా?" అని. చిన్నప్పట్నుంచీ ఇంట్లో, బడిలో విన్న మాటే. చిల్లర గొడవలో వాడేశాక, ఆ మాట ఎంతవరకు నిజమో ఎప్పుడూ చూసుకోలేదని గుర్తొచ్చింది. చూశాను. అంకె నిజమే. దానికి మేం తగిలించుకున్న అర్థంతోనే పేచీ.

ముందు అంకెల సంగతి. 1975 జూన్ 25 రాత్రి పెట్టిన ఎమర్జెన్సీ ఇంకా పూర్తిగా ఎత్తెయ్యకుండానే, 1977 జనవరి 18న ఇందిరాగాంధీ ఎన్నికలు ప్రకటించారు. పోలింగ్ మార్చి 16 నుంచి 20 దాకా. కాంగ్రెస్‌ది ఆవూదూడా గుర్తు. అప్పుడే పుట్టిన జనతా పార్టీకి సొంత గుర్తు కూడా లేదు. ఎక్కువమంది భారతీయ లోక్‌దళ్ వాళ్ళ నాగలి మోసే రైతు గుర్తు మీదే నిలబడ్డారు. ఉత్తరప్రదేశ్‌లో 85కి 85, బీహార్‌లో 54కి 54, పంజాబ్‌లో 13, హర్యానాలో 10, ఢిల్లీలో 7: వీటిలో ఒక్కటి కూడా కాంగ్రెస్‌కి దక్కలేదు. రాయబరేలీలో ప్రధానమంత్రే ఓడిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42కి 41 కాంగ్రెస్‌వే. దేశం మొత్తమ్మీద ఆ పార్టీకి మిగిలిన 154 సీట్లలో నాలుగో వంతు కంటే ఎక్కువ మనం ఇచ్చినవే. మిగిలిన ఆ ఒక్కటీ నంద్యాల.

ఈ ఎన్నిక కథని పాఠ్యపుస్తకాల్లో భారత ఓటరు నియంతృత్వాన్ని ఓడించిన కథగా చెప్తారు. అందులో తెలుగువాళ్ళ పాత్ర ఏమిటో చెప్పాల్సి వచ్చేసరికి అందరూ గొంతు సవరించుకుంటారు. అమాయకులు, చదువులేనివాళ్ళు, ఇందిరమ్మని దేవతనుకున్నారు అంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కానీ మనకంటే అక్షరాస్యత తక్కువున్న బీహార్ కాంగ్రెస్‌ని ఊడ్చిపారేసింది. దేశంలో అందరికంటే ఎక్కువ చదువుకున్న కేరళ, కాంగ్రెస్ ఉన్న కూటమికే 20కి 20 కట్టబెట్టింది. కర్ణాటకలో 28కి 26 కాంగ్రెస్‌వి. చదువుతో ఈ లెక్క తేలదు.

రెండో సమాధానం కొంచెం తెలివైనది: ఎమర్జెన్సీ దెబ్బ దక్షిణాదికి తగల్లేదు, కుటుంబ నియంత్రణ బలవంతాలన్నీ అక్కడే జరిగాయి అని. చాలాకాలం దీన్ని నమ్మా. షా కమిషన్ నివేదికలో రాష్ట్రాలవారీ లెక్క చూశాక నమ్మకం సడలింది. 1976-77లో ఆంధ్రప్రదేశ్‌కి పెట్టిన లక్ష్యం 4 లక్షల ఆపరేషన్లు. జరిగినవి 7 లక్షల పైచిలుకు. అదే ఏడాది ఉత్తరప్రదేశ్‌లో 8 లక్షల పైచిలుకు, వాళ్ళ జనాభా మనకి రెట్టింపు అయినా. ఇక్కడ దెబ్బ తగల్లేదని ఏ ముఖంతో అంటాం? ఊళ్ళని పోలీసులు చుట్టుముట్టి మగవాళ్ళని లాక్కెళ్ళిన హర్యానా ఉటావర్ లాంటివి, ఢిల్లీ తుర్క్‌మాన్ గేట్ లాంటివి మన దగ్గర జనం జ్ఞాపకంలో లేని మాట నిజం. కానీ లక్ష్యానికి దాదాపు రెట్టింపు ఆపరేషన్లు ఇష్టపూర్వకంగా జరిగాయనుకోవడానికి నాకు మనసొప్పలేదు.

నాకు తోచిన కారణం వేరు. బీహార్‌లో, ఉత్తరప్రదేశ్‌లో కోపానికి వెళ్ళడానికో చోటుంది. సోషలిస్టులు, చరణ్‌సింగ్ వెనకున్న రైతులు, జనసంఘ్, జేపీ ఉద్యమం నుంచి వచ్చిన కుర్రాళ్ళు ఉన్నారు. వీళ్ళలో చాలామంది జైలుకెళ్ళి వచ్చారు, ఊళ్ళో జనానికి తెలిసినవాళ్ళు. మనకలా లేదు. మన కోపం అప్పటికే రెండుసార్లు రోడ్డెక్కి, రెండుసార్లూ కాంగ్రెస్ గడపలోనే ఆగిపోయింది. 1969 ఉద్యమం తర్వాత 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణలోని 14 సీట్లలో 10 తెలంగాణ ప్రజా సమితి గెల్చుకుంది. అదే ఏడాది సెప్టెంబరుకల్లా చెన్నారెడ్డి ఆ పార్టీని తీసుకెళ్ళి కాంగ్రెస్‌లో కలిపేశారు. అంత నెత్తురు పోసి గెలిపించుకున్న పార్టీ ఆర్నెల్లు బతికింది. 1972-73లో జై ఆంధ్ర వచ్చింది. రాష్ట్రపతి పాలన, ఆరు సూత్రాల పథకం, చివరికి 1973 డిసెంబర్‌లో జలగం వెంగళరావు ముఖ్యమంత్రి. కమ్యూనిస్టులు చీలిపోయి ఉన్నారు, పైగా సీపీఐ ఎమర్జెన్సీని సమర్థించింది. ఇటు చూస్తే ఇళ్ళ స్థలాలు, భూసంస్కరణల చట్టం, ఇరవై సూత్రాలు. భూమి నిజంగా ఎంత చేతికొచ్చిందన్నది వేరే వ్యాసం. ఇంటి స్థలం పట్టా మాత్రం చాలామందికి జీవితంలో ప్రభుత్వం ఇచ్చిన మొదటి కాగితం.

అంటే 1977 నాటికి మనవాళ్ళు నిద్రపోతున్నారనలేం. ఉత్తరాదికి 1979లో వచ్చిన నిరాశ మనకి 1971లోనే, 1973లోనే వచ్చేసింది.

మరి నంద్యాల? మా జేజినాయనకి ఇప్పుడు ఎనభై దాటాయి. 77లో ముప్ఫై మూడేళ్ళుంటాయి. ఫోన్ చేసి, "జేజినాయనా, అప్పుడు జనతాకి ఎందుకేసినావ్?" అని అడిగా. ఎమర్జెన్సీ గురించి ఏదో ఒకటి చెప్తాడని నా ఆశ. "జనతా ఏందిరా? సంజీవరెడ్డికి ఏసినాము" అన్నాడు. "ఆయప్పకి గాక ఇంకెవరికేస్తాము? మన సీమ మనిషి. ముఖ్యమంత్రి చేసినోడు." ఎమర్జెన్సీ సంగతేమిటని మళ్ళీ అడిగా. "అదేందో రేడియోలో చెప్తాండ్రి. బస్సులు టయానికి వస్తాండె" అన్నాడు.

అదీ మా ప్రజాస్వామ్య పోరాటం. నీలం సంజీవరెడ్డి ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి. 1969లో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి నిలబడితే, అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటెయ్యమని ఇందిర పిలుపిచ్చి ఆయన్ని ఓడించి వి.వి.గిరిని గెలిపించారు. 1971 ఎన్నికల్లోనూ ఓడిపోయి, ఊరెళ్ళి సేద్యం చేసుకుంటూ, జేపీ పిలుపుతో మళ్ళీ వచ్చిన మనిషి. నంద్యాల ఓటు ఆ మనిషికి పడింది. మిగతా 41 చోట్ల జనం ఎలా ఓటేశారో ఇక్కడా దాదాపు అలాగే వేశారు: తెలిసిన మొహానికి, మన అనుకున్నవాడికి. (1991 ఉప ఎన్నికలో ఇదే నంద్యాల ఇంకో 'మనవాడు' పి.వి.నరసింహారావుని 5 లక్షల పైచిలుకు మెజారిటీతో గెలిపించింది. అప్పుడాయన కాంగ్రెస్ ప్రధాని. తెలుగువాడని ఎన్టీఆర్ పోటీ కూడా పెట్టలేదు. ఊరికి పార్టీలు గుర్తుండవు, మనుషులే గుర్తుంటారు.)

ఇక్కడితో ఆపేసి "ఓటరు అమాయకుడు కాదు, స్థానిక కారణాలుంటాయి" అని రాస్తే వ్యాసం సుఖంగా ముగిసేది. కానీ ఎమర్జెన్సీ అంటే బస్సులు టైముకి రావడం మాత్రమే కానివాళ్ళు కూడా ఈ రాష్ట్రంలోనే ఉన్నారు.

ఎమర్జెన్సీ పెట్టి సరిగ్గా నెల తిరిగిన రోజు, 1975 జూలై 25న, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు కుర్రాళ్ళని పోలీసులు కాల్చి చంపారు. వాళ్ళలో సూరపనేని జనార్దన్ వరంగల్ ఆర్‌ఈసీ విద్యార్థి. నేనూ నాలుగేళ్ళు ఇంజినీరింగ్ వెలగబెట్టా. ఆ పేరు ఒక్కరి నోటా వినలేదు. ఎమర్జెన్సీ అయిపోయాక తార్కుండే కమిటీ విచారించి, అది ఎన్‌కౌంటర్ కాదు, పట్టుకుని కాల్చారని తేల్చింది. ప్రభుత్వం భార్గవా కమిషన్ వేసింది, సాక్ష్యాలు ఇబ్బందిగా మారేసరికి విచారణ తలుపులు మూసేసింది. అదే 1975లో డిసెంబర్ 1న ముషీరాబాద్ జైల్లో ఆదిలాబాద్ రైతుకూలీ ఉద్యమానికి చెందిన భూమయ్య, కిష్టాగౌడ్‌లని ఉరితీశారు. వరవరరావు, చెరబండరాజు జైల్లో ఉన్నారు. 'ఫిడేలు రాగాల డజన్' రాసిన పఠాభి భార్య, 'సంస్కార' సినిమాలో నటించిన స్నేహలతారెడ్డి బెంగళూరు జైల్లో ఉబ్బసంతో కృశించి, పెరోల్ మీద బయటికొచ్చి, 1977 జనవరిలో సరిగ్గా ఎన్నికల ప్రకటన వచ్చిన రోజుల్లోనే చనిపోయారు. ఈ కాలంలో కేంద్ర హోంమంత్రి ఎవరో కూడా చెప్పుకోవాలి: మన కాసు బ్రహ్మానందరెడ్డిగారే.

ఇవన్నీ పత్రికల్లో రానివ్వలేదు. వచ్చుంటే ఓట్లు మారేవా? నాకు అనుమానమే. ఆదిలాబాద్ ఆ 41లో ఉంది. మెదక్ కూడా ఉంది. మా జేజినాయనకి ఈ పేర్లు నేను చెప్తేనే తెలిశాయి. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "పిల్లోళ్ళా?" అని మాత్రం అడిగాడు.

తర్వాత జరిగింది ఇంకా తికమకగా ఉంటుంది. 1978 జనవరిలో కాంగ్రెస్ చీలింది. బ్రహ్మానందరెడ్డి, వెంగళరావు ఒక వైపు, ఇందిర ఇంకో వైపు. ఫిబ్రవరిలో అసెంబ్లీ ఎన్నికలు. కొత్తగా వచ్చిన హస్తం గుర్తుకి 294లో 175 సీట్లు. ఎమర్జెన్సీని ఇక్కడ స్వయంగా నడిపిన ముఖ్యమంత్రి పార్టీకి 30. ఎమర్జెన్సీ నడిపినాయనకి శిక్ష, పెట్టినావిడకి పట్టం! దీన్ని ఏ సిద్ధాంతంలో ఇమడ్చాలో నాకు తెలీదు, ఇమిడ్చానని చెప్పేవాళ్ళని నమ్మబుద్ధి కాదు.

ఢిల్లీలో జనతా సంగతి అందరికీ తెలిసిందే. ముగ్గురు పెద్దమనుషులు, ఒక కుర్చీ. 1977 అక్టోబర్‌లో హోంమంత్రిగా ఇందిరని అరెస్టు చేయించిన చరణ్‌సింగే, 1979 జూలైలో ఆవిడ మద్దతుతో ప్రధాని అయ్యాడు. ఆవిడ మద్దతు లాగేస్తే పార్లమెంటు మొహం చూడకుండానే ఆగస్టులో దిగిపోయాడు. జగ్జీవన్‌రామ్‌కి అవకాశం ఇవ్వకుండా ఆగస్టు 22న లోక్‌సభని రద్దుచేసిన రాష్ట్రపతి ఎవరనుకున్నారు? మా నంద్యాల గెలిపించిన సంజీవరెడ్డే. 1977 జూలైలో ఆయన ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు.

1980 జనవరిలో మళ్ళీ ఎన్నికలు. 1977లో 60 శాతం పైనున్న పోలింగ్ 57కి పడింది. తగ్గిన ఆ మూడు శాతం మీద నాకు ప్రత్యేకమైన ఆసక్తి. నాలాంటివాళ్ళు వాళ్ళు. 77లో జైళ్ళ ముందు దండలు పట్టుకు నిలబడ్డవాళ్ళలో ఎంతమంది ఆ జనవరి చలిలో ఇంట్లో పడుకుని ఎవడొచ్చినా ఒకటే అనుకున్నారో. వాళ్ళు పడుకున్నా, లేచినా ఇందిరకి 353 సీట్లు వచ్చాయి. మనం మళ్ళీ 42కి 41 ఇచ్చాం. ఆవిడ రాయబరేలీతో పాటు మెదక్‌లోనూ గెలిచి, మెదక్‌ని ఉంచుకున్నారు. గిరాయిపల్లి ఉన్న జిల్లా పేరే ఆ నియోజకవర్గానిదీ. జనవరి 14న ఆవిడ చేత ప్రమాణం చేయించింది, పదకొండేళ్ళ కింద ఆవిడే ఓడించిన సంజీవరెడ్డి.

అయితే ఈ 'గుడ్డి విధేయులే' నాలుగేళ్ళ తర్వాత ఇంకో పని చేశారు. 1984 డిసెంబర్‌లో, ఇందిర హత్య తర్వాత దేశమంతా కాంగ్రెస్ వైపు ఒరిగిపోతే, ఆంధ్రప్రదేశ్ 42లో 30 తెలుగుదేశానికి ఇచ్చింది. ఒక ప్రాంతీయ పార్టీ లోక్‌సభలో ప్రధాన ప్రతిపక్షమై కూర్చుంది. కోపానికి ఈసారి ఒక చోటు దొరికింది మరి.

ఇదంతా గ్రూపులో మా వాడికి రాద్దామని టైపు చెయ్యడం మొదలుపెట్టి, మరీ పొడుగైపోయి, ఇక్కడ రాస్తున్నా. వాడికి మాత్రం "నంద్యాల గురించి నేను చెప్పింది తప్పు" అని ఒక్క వాక్యం పంపా. ఇంకా జవాబు రాలేదు.

ఫోన్ పెట్టేసే ముందు జేజినాయనని 1980లో ఎవరికేశావని అడిగా. "చేతికి" అన్నాడు. మొన్న ఎవరికేశావని అడిగితే నవ్వి చెప్పలేదు. "నీ ఓటు స్లిప్పు గూడా తెచ్చిచ్చిరి. వస్తావేమోనని క్యాలెండర్ ఎనకాల పెట్టినా. ఆణ్ణే ఉండాది ఇంకా" అన్నాడు.