అడవి జ్వరం: విగ్రహవాక్యం ఏమిటి?



సమాసాలకు విగ్రహవాక్యం చెప్పమన్నప్పుడు పిల్లలు తరచు తడబడే చోటు ఒకటుంది. ‘దొంగభయం’ అంటే దొంగ వలన భయం, పంచమీ తత్పురుషం. దానినే ‘దొంగ యొక్క భయం’ అని షష్ఠిలో విడదీస్తే భయపడేవాడు దొంగే అవుతాడు. విభక్తి మారితే చాలు, నేరస్థుడు బాధితుడైపోతాడు. ముప్ఫై ఏళ్ళకు పైగా తరగతి గదిలో ఈ మాట చెప్పాను. పదవీ విరమణ తరువాత తీరికగా వైద్యచరిత్ర చదువుతుంటే అక్కడా ఇదే చిక్కు ఎదురయింది. ఆ సమాసం ‘అడవి జ్వరం’.

1957 తొలి నెలలలో, నాటి మైసూరు రాష్ట్రంలోని శివమొగ్గ జిల్లా సొరబ తాలూకాలో, క్యాసనూరు అడవి చుట్టుప్రక్కల కొండముచ్చులు, కోతులు వరుసగా చచ్చిపడడం మొదలైంది. ఆ వెనుకనే మనుషులకు జ్వరం పట్టుకుంది. ఉన్నట్టుండి తీవ్రమైన తాపం, తలపోటు, లేవనీయని కండరాల నొప్పులు, కొందరికి రక్తస్రావం. ఆ ఏడాది 400 మందికి పైగా జబ్బుపడ్డారు. కన్నడిగులు దానికి ‘మంగన కాయిలె’, అంటే కోతి జబ్బు, అని పేరు పెట్టుకున్నారు. పుణె వైరస్ పరిశోధన కేంద్రంవారు వచ్చి, అది ఒక కొత్త వైరస్ అనీ, పిడుదుల ద్వారా సంక్రమిస్తుందనీ తేల్చి, శాస్త్రలోకంలో దానికి క్యాసనూరు అటవీ వ్యాధి అని నామకరణం చేశారు. కోతి నిర్దోషి అయింది గాని, నింద అడవి మీదికి వచ్చింది.

పిడుదు అంటే మన గోమారి. పశువుల చెవులలో, గంగడోలు మడతలలో పట్టుకొని నెత్తురు త్రాగే పురుగు.

మొదట శాస్త్రజ్ఞులను భయపెట్టినది పచ్చజ్వరం. ఆఫ్రికా, దక్షిణ అమెరికాలలోని ఆ వ్యాధి ఆసియాలో అడుగుపెట్టిందేమోనని సందేహించారు. అది కాదని తేలింది. ఈ వైరస్‌కు రష్యాలో పిడుదుల వలన వచ్చే మెదడువాపు వైరస్‌తో చుట్టరికం కనిపించేసరికి, సైబీరియా నుండి వలసపక్షులు తెచ్చాయేమోనన్న అనుమానం పుట్టింది. ఈ పరిశీలనలో భాగంగానే 1959లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో, సలీం అలీ గారి ఆధ్వర్యాన, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు పక్షుల కాళ్ళకు ఉంగరాలు తొడిగే పనికి పూనుకున్నారు. పక్షులే తెచ్చాయనడానికి నిదర్శనం దొరకలేదు. మన దేశపు పక్షిశాస్త్రానికి మాత్రం దానివలన మేలే జరిగింది.

దూరదేశపు అతిథి దోషి కాకపోతే మరి దోషి ఎవరు? ఈ ప్రశ్నను సరియైన విభక్తిలో అడిగినవాడు జార్జి బోషెల్ అనే కొలంబియా దేశపు వైద్యుడు. 1940 ప్రాంతంలో తన దేశపు అడవులలో పచ్చజ్వరాన్ని పరిశీలిస్తూ ఆయన ఒక విశేషాన్ని గమనించాడు. కట్టె కొట్టేవారు పెద్ద చెట్టును నేలకూల్చగానే, చిటారుకొమ్మలలో కోతుల నడుమ బ్రతికే నీలిరంగు దోమలు ఆ చెట్టుతోపాటే దిగివచ్చి మనుషుల చుట్టూ ముసిరాయి. ఆ చూపుతోనే ఆయన మలెనాడును చూశాడు. 1969లో ప్రకటించిన వ్యాసంలో ఆయన వాదన స్థూలంగా ఇది. వైరస్ కొత్తగా వచ్చినది కాదు. అడవి లోపల ఎలుకలు, చుంచులు, పిడుదుల మధ్య సద్దుచేయక తిరుగుతూనే ఉంది. జనం పెరిగి, వరిమళ్ళ కోసం అడవి నరికి, మిగిలిన ముక్కలలోకి పశువుల మందలను తోలడంతో కథ మారింది. పెద్ద పిడుదులకు పశువు నెత్తురు సమృద్ధిగా దొరికింది. వాటి సంతతి వేల రెట్లయింది. నరికిన చోట మొలిచిన లాంటానా పొదలు వాటికి నీడనిచ్చాయి.

ఆ పిడుదుల పిల్లలు డిసెంబరు నుండి మే వరకు ఎండుటాకులలో పొంచి ఉంటాయి. సరిగ్గా ఆ నెలలలోనే పేదవారు వంటచెరకు కోసమూ, పోకతోటల ఎరువుకు ఎండుటాకుల కోసమూ అడవి అంచులకు వెళతారు. అదే అంచున కోతి చస్తే, దాని ఒంటి మీది పిడుదులన్నీ అక్కడే నేలకు రాలుతాయి. ఈ జ్వరం మనిషి నుండి మనిషికి అంటదు. అడవి అంచున తిరిగేవానికే అంటుతుంది.

బోషెల్ వాదనకు క్రూరమైన సాక్ష్యం పదమూడేళ్ళకు దొరికింది. 1982లో దక్షిణ కన్నడ జిల్లా బెళ్తంగడి తాలూకాలో జీడిమామిడి తోటల కోసం దట్టమైన అడవిని కొట్టివేశారు. ఆ ప్రాంతంలో 1982–83లో 1500 మందికి పైగా జ్వరపడ్డారు. సుమారు 150 మంది మరణించారు. తోట వేయాలని కాగితం మీద సంతకం చేసినవారి ఒంటికి పిడుదు అంటదు. గొడ్డలి పట్టిన కూలీకే అంటుతుంది. ఈ చరిత్రలో నన్ను కలతపెట్టే భాగం ఇదే.

ఆ తరువాత వ్యాధి 2012లో బండీపురం దగ్గర, 2013లో కేరళలోని వాయనాడులో, అటుపై గోవాలో, మహారాష్ట్రలోని సింధుదుర్గ్‌లో బయటపడింది. 1990 నుండి వాడిన టీకా ఆశించిన రక్షణ ఇవ్వడం లేదని 2022లో ఆపివేశారు. 2024లోనూ కర్ణాటకలో మరణాలు సంభవించాయి.

మనకూ ఇటువంటి సమాసం ఒకటుంది: ‘మన్యపు జ్వరం’. 1879లో రేగిన రంప తిరుగుబాటును అణచబోయిన సేనలను అది మంచాన పడవేసింది. దోషం కొండగాలిదన్నారు, నీటిదన్నారు. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసిన తరువాతగాని గాలికి, నీటికి విముక్తి కలగలేదు.

అడవి నరికిన ప్రతిచోటా జ్వరం పుడుతుందని నేననను. అడవిలో ఏ వైరస్సూ లేదనీ అనను. ఉంది, దాని హద్దులో అది ఉంది. అడవిని ముక్కలు చేసిన కొద్దీ అంచుల పొడవు పెరుగుతుంది. ఆ అంచులలోనే మనిషి, పశువు, కోతి, పిడుదు ఒకదానికొకటి ఎదురవుతాయి. మిగిలినదంతా కొట్టేద్దాం, కోతులను కాల్చేద్దాం అనేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. చచ్చిన కోతి మనకు ముందుగా అందే హెచ్చరిక. ఎక్కడ కోతి చచ్చినా వెంటనే కబురుచేసి, చుట్టూ 50 మీటర్ల మేర పురుగుమందు చల్లించడం నేటికీ అక్కడ పాటించే జాగ్రత్త.

‘అడవి జ్వరం’ అంటే ‘అడవియందు జ్వరం’ అని సప్తమిలో చెబితే అది చోటును మాత్రమే చెబుతుంది. ‘అడవి వలన జ్వరం’ అని పంచమిలో చెబితే నేరం మోపుతుంది. ఈ అరవై ఏళ్ళ పైబడిన చరిత్ర చదివాక నాకు షష్ఠియే సమంజసమనిపిస్తోంది: అడవి యొక్క జ్వరం. మొదటి రోగి అడవి. ఆ తరువాత కోతి. ఆ తరువాతనే మనం.

మలెనాడు ప్రాంతంలో ఉన్నవారు, ఆ పల్లెల సంగతులు ఎరిగినవారు వ్యాఖ్యలలో తెలియజేస్తే సంతోషిస్తాను.