పోలీసు అమరవీరుల సంస్మరణ దినం

విధి నిర్వహణలో ప్రాణాలు కోల్పోయిన పోలీసులను, కేంద్ర సాయుధ బలగాల సిబ్బందిని పేరుపేరునా తలచుకోవడానికి భారతదేశంలో ఏటా అక్టోబరు 21న జరిపే దినం ఇది. 1959లో అదే తేదీన లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పదిమంది భారత పోలీసులు మరణించారు. దేశ రాజధాని మొదలుకొని జిల్లా కేంద్రాల దాకా ఆ ఉదయం పరేడ్ జరుగుతుంది. స్మారక స్తూపాల దగ్గర పుష్పగుచ్ఛాలు ఉంచుతారు, ఆ ఏడాది మరణించిన వారి పేర్లు చదువుతారు.

ఈ దినం ఏ విజయంతోనూ, ఏ పెద్ద అధికారి హత్యతోనూ ముడిపడినది కాదు. గస్తీకి వెళ్లి తిరిగిరాని ఇద్దరు కానిస్టేబుళ్లను, వారి వెంట సామాను మోసిన ఒక కూలీని వెతకబోయి నేలకొరిగిన వారి జ్ఞాపకం ఇది. ఈ సంగతికి పరేడ్ మైదానాల్లో దక్కవలసినంత చోటు దక్కడం లేదు.

హాట్ స్ప్రింగ్స్‌లో జరిగినది

టిబెట్‌తో మనకున్న దాదాపు 2,500 మైళ్ల సరిహద్దుకు 1959 శరత్కాలం దాకా పోలీసులే కాపలా. ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు దళం అప్పటికి పుట్టలేదు. అది 1962 అక్టోబరు 24న, చైనా యుద్ధం నడుస్తుండగా ఏర్పడింది. 1959 నాటికి ఈ సరిహద్దు ప్రశాంతంగా లేదు. అక్సాయ్ చిన్ మీదుగా చైనా అంతకుముందే రోడ్డు వేసింది. మార్చిలో దలైలామా లాసా విడిచి భారతదేశానికి వచ్చారు. ఆగస్టులో ఈశాన్య సరిహద్దులోని లాంగ్జు దగ్గర అస్సాం రైఫిల్స్ చౌకీపై చైనా సైనికులు కాల్పులు జరిపారు.

లడఖ్ ఈశాన్య మూలన చాంగ్ చెన్మో లోయలో, 15 వేల అడుగులకు పైన, హాట్ స్ప్రింగ్స్ ఉంది. గాలి పలచన, చెట్టు మొలవదు, అక్టోబరు వచ్చేసరికి రాత్రుళ్లు ఒళ్లు గడ్డకట్టే చలి. లనక్ లా కనుమ వైపు సాగవలసిన భారత బృందం అక్కడ మకాం వేసింది. ముందున్న దారి చూసి రమ్మని అక్టోబరు 20న మూడు జట్లను పంపారు. రెండు జట్లు మధ్యాహ్నానికి తిరిగొచ్చాయి. ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒక కూలీ ఉన్న మూడో జట్టు రాలేదు. ఆ ముగ్గురినీ చైనా బలగాలు పట్టుకున్నాయన్న సంగతి తర్వాత గాని తెలియలేదు.

మర్నాడు తెల్లవారగానే, మకాంలో ఉన్నవారిలో వీలైన ప్రతి ఒక్కరూ వెతకడానికి బయల్దేరారు. ఇంటెలిజెన్స్ బ్యూరో అధికారి కరమ్‌సింగ్ ఇరవైమంది దాకా ఉన్న జట్టుతో గుర్రాల మీద ముందు సాగారు. మిగిలినవారు మూడు భాగాలుగా కాలినడకన వెనుక వచ్చారు. మిట్టమధ్యాహ్నం వేళకు తూర్పున ఒక గుట్ట మీద చైనా సైనికులు కనిపించారు. పైనుంచి తుపాకులు పేలాయి, గ్రెనేడ్లు పడ్డాయి. కింద ఉన్నవారికి తల దాచుకోవడానికి బండ చాటు కూడా లేదు. పదిమంది చనిపోయారు. గాయపడినవారిలో కొందరు చైనా వారి చేతికి చిక్కారు, కరమ్‌సింగ్ కూడా బందీ అయ్యారు.

మృతదేహాలు మూడు వారాల తర్వాత, నవంబరు 13న గాని భారత్‌కు అందలేదు. హాట్ స్ప్రింగ్స్‌లోనే పోలీసు లాంఛనాలతో వారికి అంత్యక్రియలు జరిగాయి. బందీలు కూడా విడుదలయ్యారు. నిర్బంధంలో వారిని విచారణ పేరిట పెట్టిన బాధలపై భారత ప్రభుత్వం చైనాకు నిరసన తెలిపింది. చైనా పత్రాల్లో దీని పేరు కొంగ్కా కనుమ ఘటన. ఈ కాల్పుల తర్వాతే లడఖ్ సరిహద్దు బాధ్యత పోలీసుల నుంచి సైన్యానికి మారింది.

1960 జనవరిలో రాష్ట్రాల పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరళ్ల వార్షిక సమావేశం రెండు నిర్ణయాలు తీసుకుంది. ఏటా అక్టోబరు 21ని సంస్మరణ దినంగా జరపాలన్నది మొదటిది. హాట్ స్ప్రింగ్స్‌లో స్మారకం కట్టి, దేశం నలుమూలల పోలీసు దళాల నుంచి ఒక బృందాన్ని ఏటా అక్కడికి పంపాలన్నది రెండోది. ఆ యాత్ర నేటికీ సాగుతోంది. కృష్ణా, గోదావరి తీరాల ఎండల్లో పెరిగిన కానిస్టేబుల్ లేహ్‌లో దిగి, ఎత్తుకు అలవాటు పడేదాకా ఆగి, ఊపిరి అందని చోట నిలబడి, తాను ఎన్నడూ చూడని పదిమందికి సెల్యూట్ చేసి వస్తాడు. పోలీసు శాఖలో ఇంతకంటే అర్థవంతమైన ఆచారం ఇంకొకటి కనిపించదు.

పరేడ్

సెప్టెంబరు 1 నుంచి మరుసటి ఆగస్టు 31 దాకా ఒక ఏడాదిగా లెక్కిస్తారు. ఆ పన్నెండు నెలల్లో రాష్ట్రాల పోలీసుల్లో, కేంద్ర బలగాల్లో విధుల్లో మరణించిన వారి జాబితా తయారవుతుంది. తెలుగు రాష్ట్రాల్లో ‘అమరులు వారు’ అన్న పేరుతో పుస్తకం కూడా విడుదల చేస్తారు. తెలంగాణ రాష్ట్రస్థాయి పరేడ్‌కు హైదరాబాదు గోషామహల్ మైదానం పేరుపడింది. ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడ ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియంలోనూ, మంగళగిరి ఏపీఎస్పీ ఆరో బెటాలియన్ మైదానంలోనూ జరిగాయి.

రోజూ చేసే కవాతుకూ దీనికీ తేడా ‘శోక్ శస్త్ర్’ అన్న ఆదేశంతో తెలుస్తుంది. అప్పటిదాకా నిటారుగా ఉన్న తుపాకి నెమ్మదిగా తలకిందులవుతుంది. గొట్టం కొస ఎడమ బూటు ముందు భాగం మీద ఆనుతుంది. తుపాకి మడమ మీద రెండు అరచేతులూ ఒకదానిపై ఒకటి వచ్చి నిలుస్తాయి. ఆపైన తల వంగుతుంది. వరుసలో ఉన్న అందరూ ఒకే లయలో చేయాలి గనుక దీనికి రోజుల తరబడి సాధన చేయిస్తారు. బ్యూగిల్ మీద లాస్ట్ పోస్ట్ వినిపిస్తుంది, మౌనం పాటిస్తారు, మళ్లీ బ్యూగిల్ మోగాక తలలు లేస్తాయి.

పేర్లు చదవడానికి చాలా సేపు పడుతుంది. రాష్ట్రం, హోదా, పేరు, ఆ తర్వాత మరో పేరు. వాటిలో కానిస్టేబుళ్లు, హెడ్ కానిస్టేబుళ్లే ఎక్కువ. ముందు వరుసలో కుర్చీల్లో కూర్చున్న కుటుంబాలు తమవారి పేరు ఎప్పుడొస్తుందా అని చెవులు రిక్కించి వింటాయి. ముఖ్యమంత్రుల ప్రసంగాలు మర్నాటి పత్రికల్లో వస్తాయి, ఆ పేర్ల జాబితా మాత్రం అరుదుగా అచ్చవుతుంది. పత్రికలు ఆ ఒక్క రోజైనా ఒక పేజీ దానికి కేటాయించాలి.

అక్టోబరు చివరి దాకా రక్తదాన శిబిరాలు, విద్యార్థులకు వ్యాసరచన పోటీలు, కొవ్వొత్తుల ర్యాలీలు జరుగుతాయి. పోలీసు స్టేషన్లకు పిల్లలను పిలిచి ఆయుధాలు, వైర్‌లెస్ సెట్లు చూపిస్తారు.

తెలుగు నేలపై

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ జాబితాను పొడవు చేసింది ప్రధానంగా నక్సలైట్ల దాడులు, మందుపాతరలు. నక్సలైట్లను ఎదుర్కొనే గ్రేహౌండ్స్ దళాన్ని 1989లో తీర్చిదిద్దిన ఐపీఎస్ అధికారి కె.ఎస్.వ్యాస్‌ను 1993 జనవరి 27న హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో కాల్చి చంపారు. అదే ఏడాది నవంబరు 14న మహబూబ్‌నగర్ జిల్లా సోమశిల దగ్గర జరిగిన పేలుడులో ఆ జిల్లా ఎస్పీ పరదేశి నాయుడు, ఆయన సిబ్బంది చనిపోయారు.

తెలుగువారు ఎక్కువగా గుర్తుంచుకున్న పేరు చదలవాడ ఉమేశ్‌చంద్ర. గుంటూరు జిల్లా మూలాలున్న ఈ యువ ఐపీఎస్ అధికారి కడప, కరీంనగర్ జిల్లాల్లో ఎస్పీగా పనిచేశారు. కడపలో ఫ్యాక్షన్ నాయకులను లెక్కచేయని అధికారిగా జనం నోట నిలిచారు. 1999 సెప్టెంబరు 4న హైదరాబాదు ఎస్.ఆర్.నగర్ కూడలిలో ఆయన కారు ఆగినప్పుడు దుండగులు చుట్టుముట్టి కాల్చారు. గన్‌మన్, డ్రైవర్ కూడా బలయ్యారు. ఉమేశ్‌చంద్ర చేతిలో ఆయుధం లేకుండానే కారు దిగి హంతకుల వెంటపడ్డారు. వారు వెనక్కి తిరిగి ఆయనను కాల్చేశారు. అప్పటికి ఆయన వయసు 33. ఆ కూడలిలో ఇప్పుడు ఆయన విగ్రహం ఉంది. ఆయనతో పాటు చనిపోయిన ఇద్దరి పేర్లు కూడా అంతే పెద్ద అక్షరాలతో అక్కడ కనిపించాలి. అధికారి పక్కన కూర్చున్నవాడూ అదే డ్యూటీ మీద పోయాడు.

ఒకే రోజున ఎక్కువ ఇళ్లలో దీపం ఆరిన ఘటన 2008 జూన్ 29న జరిగింది. ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా బలిమెల జలాశయంలో పడవ మీద వస్తున్న దళంపై చుట్టూ ఉన్న కొండల మీదినుంచి మావోయిస్టులు కాల్పులు జరిపారు. పడవ మునిగింది. చనిపోయిన 38 మందిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్ గ్రేహౌండ్స్ వారు. అడవి యుద్ధంలో ఆరితేరిన వారు చాలామంది తూటాతో కాక నీళ్లలో ప్రాణం విడిచారు. దేహాల కోసం రోజుల తరబడి జలాశయాన్ని గాలించారు.

గ్రేహౌండ్స్‌కే చెందిన రిజర్వు సబ్ ఇన్‌స్పెక్టర్ ప్రసాద్‌బాబు 2013 ఏప్రిల్‌లో ఛత్తీస్‌గఢ్ అడవుల్లో చనిపోయారు. తన జట్టును తీసుకెళ్లడానికి వచ్చిన హెలికాప్టర్ మీద మావోయిస్టులు కాల్పులు మొదలుపెట్టగా, మిగిలినవారు ఎక్కేదాకా ఆయన నేల మీదే ఉండి ఎదురు కాల్పులు జరిపారు. 2014 గణతంత్ర దినాన ఆయనకు మరణానంతరం అశోక చక్ర ప్రకటించారు. శాంతికాలంలో ఇచ్చే శౌర్య పురస్కారాల్లో అదే అత్యున్నతం.

ఆ దశాబ్దాల్లో జరిగిన ఎన్‌కౌంటర్ల మీద పౌరహక్కుల సంఘాలు వేసిన ప్రశ్నలు న్యాయస్థానాల దాకా వెళ్లాయి. వాటిని విచారించవలసిన చోటు న్యాయస్థానమే. పేర్లు చదివే మైదానం ఆ ప్రశ్నలకు జవాబు చెప్పదు, చెప్పినట్టు నటించకూడదు కూడా. అలాగని ఆ ప్రశ్నలు ఉన్నందువల్ల మందుపాతర పేలి పోయిన జీపు డ్రైవర్ మరణం చిన్నదైపోదు.

ఆయుధం లేనివారు

చేతిలో ఆయుధం లేకుండానే ప్రాణాలిచ్చిన వారూ ఆ జాబితాలో ఉన్నారు. 2001 డిసెంబరు 13న పార్లమెంటు భవనంపై దాడి జరిగినప్పుడు సీఆర్పీఎఫ్ మహిళా కానిస్టేబుల్ కమలేశ్ కుమారి గేటు దగ్గర డ్యూటీలో ఉన్నారు. ఆమె దగ్గర తుపాకి లేదు. లోపలికి వచ్చిన వారిని అనుమానించి కేకలు వేసి సహచరులను అప్రమత్తం చేశారు, తూటాలకు బలయ్యారు. ఆమెకు అశోక చక్ర లభించింది.

ముంబయిపై ఉగ్రవాదులు దాడి చేసిన 2008 నవంబరు 26 రాత్రి, గిర్గావ్ చౌపాటీ దగ్గర పోలీసులు అడ్డుకున్న కారులో వారిలో ఒకడైన అజ్మల్ కసబ్ ఉన్నాడు. సైన్యం నుంచి పదవీ విరమణ చేసి పోలీసు శాఖలో చేరిన అసిస్టెంట్ సబ్ ఇన్‌స్పెక్టర్ తుకారాం ఓంబ్లే చేతిలో ఉన్నది లాఠీ. ఆయన కసబ్ ఏకే-47 గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని, తూటాలు ఒంట్లో దిగుతున్నా వదల్లేదు. ఆ కొద్ది క్షణాల్లో మిగిలినవారు కసబ్‌ను ప్రాణాలతో పట్టుకోగలిగారు. కుట్ర ఎక్కడ పుట్టిందో న్యాయస్థానం ముందు నిలబెట్టే వీలు ఆ పట్టు వల్లే దక్కింది. ఓంబ్లేకు 2009లో అశోక చక్ర ఇచ్చారు, చౌపాటీ దగ్గర విగ్రహం పెట్టారు. 2021లో మహారాష్ట్రలో కనుగొన్న ఒక కొత్త సాలీడు జాతికి శాస్త్రవేత్తలు ఆయన పేరు మీద ఐసియస్ తుకారామి అని పేరు పెట్టారు.

జాతీయ పోలీసు స్మారకం

ఢిల్లీ చాణక్యపురిలో ఉన్న ఈ స్మారకం తేలిగ్గా రాలేదు. మొదట కట్టిన ఎత్తైన ఉక్కు కట్టడం రిడ్జ్ అటవీ ప్రాంత నిబంధనలకు విరుద్ధమని తేలి, ఢిల్లీ హైకోర్టు ఆదేశంతో తొలగించారు. ఇప్పుడున్నదాన్ని 2018 అక్టోబరు 21న ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించారు. శిల్పి అద్వైత గడనాయక్ రూపొందించిన 30 అడుగుల ఏకశిల నల్లగా, ఏ అలంకారమూ లేకుండా నిలబడి ఉంటుంది. దాని బరువు 238 టన్నులు. నేల కింద మ్యూజియం ఉంది. వీటన్నిటికంటే చూపరులు ఎక్కువ సేపు ఆగే చోటు శౌర్య కుడ్యం. స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి మరణించిన వారి పేర్లు దాని మీద చెక్కారు. ప్రారంభం నాటికే 34,844 పేర్లున్నాయి, తర్వాత ఆ సంఖ్య 36 వేలు దాటింది.

అమెరికాలో మే 15న ఇలాంటి దినం జరుపుతారు. బ్రిటన్‌లో మరో పద్ధతి కూడా ఉంది. 1984లో లండన్ సెయింట్ జేమ్స్ స్క్వేర్‌లో ఇవోన్ ఫ్లెచర్ అనే మహిళా పోలీసు కాల్పుల్లో చనిపోయాక అక్కడ ఒక ట్రస్టు ఏర్పడింది. పోలీసు చనిపోయిన చోటనే చిన్న రాయి నాటించడం దాని పని.

కుటుంబాలు

మరణం తర్వాత ఎక్స్‌గ్రేషియా, పింఛను, అర్హులైన వారికి కారుణ్య నియామకం ఉంటాయి. మొత్తాలు రాష్ట్రాన్ని బట్టి, మరణించిన తీరును బట్టి మారుతాయి. కుటుంబానికి మొదట కావలసినది ఆ కాగితాలన్నీ ఒక చోట చేర్చి, కార్యాలయాల చుట్టూ వెంట తిరిగే మనిషి. ధ్రువపత్రంలో ఒక్క అక్షరం తేడా వస్తే నెలలు గడిచిపోతాయి. అక్టోబరు 21న జిల్లా ఎస్పీలు ఈ కుటుంబాలను పిలిచి మాట్లాడటం ఆనవాయితీ. ఆగిపోయిన పింఛను, రావలసిన ఇంటి స్థలం, కొడుకు ఉద్యోగం దరఖాస్తు ఆ రోజు వారి ముందుకు వస్తాయి. చాలా గ్రామాల్లో విగ్రహాలు పెట్టుకున్నది కుటుంబాలు, స్నేహితులు, అదే బ్యాచ్‌లో శిక్షణ పొందినవారు. ఏటా వర్ధంతి నాడు పూలదండ వేసేదీ వారే. బడి పిల్లలకు పలకలు, పుస్తకాలు పంచి, ఊరికి అన్నం పెట్టి ఆ రోజు గడుపుతారు.